ఒకటి నుంచి తొమ్మిది దాకా మా బావ

మా బావకి కంటబడిన ప్రతిదానికీ మార్కు వేయందే ముద్ద దిగదు. మనిషైనా సరే, మంచమైనా సరే, పెద్దమనుషుల ఉపన్యాసమైనా సరే. ఒకసారి తల పక్కకి వంచి చూస్తాడు, కళ్లు చిట్లిస్తాడు, "నాలుగు" అనేసి తన దారిన తను పోతాడు. మార్కులు ఒకటి నుంచి తొమ్మిది దాకా ఉంటాయి. అందులోనూ అది తిరగేసిన లెక్క. ఒకటి అంటే దివ్యంగా ఉన్నట్టు. తొమ్మిది అంటే ఇక ఆశ వదులుకోవచ్చు.

ఈ జబ్బు ఉద్యోగం అంటించింది. మా బావ మొక్కజొన్నలో కొత్త రకాలు తయారుచేసే శాస్త్రవేత్త. మొక్కజొన్నకి ఒక పురుగు పడుతుంది. ముందు మొక్క నడినెత్తిన ఆకులు చుట్టుకున్న సుడిలో దూరి లేత ఆకులు కొరుకుతుంది, ఆ తర్వాత కాండంలోకి దిగి లోపల్లోపలే సొరంగం తవ్వుకుంటూ పోతుంది. దాన్ని తట్టుకునే మొక్కని పుట్టించాలని ఆయన పంతం. అందుకని ఏటా బోలెడన్ని రకాలు పెంచి, ప్రతి మొక్క సుడిలోనూ చేతులారా పిల్ల పురుగుల్ని వదిలి, కొన్నాళ్లు ఆగి, ఏ మొక్కని ఎంత తిన్నాయో చూసి మార్కు వేస్తాడు. ఆకు మీద గీతైనా పడకపోతే ఒకటి. సూది బెజ్జాలుంటే రెండో మూడో. ఆకు జల్లెడైపోతే ఆరు, ఏడు. మొక్క నడుమ మొలిచే లేత చిగురు, అదే మొవ్వు, ఎండిపోయి, పట్టుకు లాగితే చేతికి ఊడివస్తే తొమ్మిది. మిగతా శాస్త్రవేత్తలు సాయంత్రం ఈ లెక్కని పొలంలో వదిలేసి ఇంటికి పోతారు. మా బావ మాత్రం దాన్ని ఇంటికి మోసుకొస్తాడు.

ఆయన సంగతులు నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. ఇంట్లో ఆయనకి మరదల్ని, ఆఫీసులో ఆయన పురుగుల గదికి యజమానురాలిని. మొక్కల మీద వదలడానికి పిల్ల పురుగులు కావాలి కదా, వాటిని పెంచేది నేనే. శనగపిండి మేత వండి, సీసాల్లో పోసి, దోమతెర పంజరాల్లో రెక్కల పురుగుల చేత గుడ్లు పెట్టించి, వాటికి చలేస్తే హీటరు, ఉక్కపోస్తే ఏసీ వేస్తూ ఉంటాను. లోకమంతా చంపడానికి మందులు కొనుక్కునే పురుగుని కడుపులో చల్ల కదలకుండా సాకడానికి నాకు జీతమిస్తున్నారు.

మా అక్కా ఆయనా ఇష్టపడ్డాక, పెళ్లి మాట మాట్లాడడానికి ఆయన మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజు నాకింకా గుర్తు. మా నాన్న గొంతు సవరించుకుని అడిగాడు.

"మా అమ్మాయి గురించి నీ అభిప్రాయం ఏమిటి బాబూ?"

"ఒకటండీ."

"వందకా?"

"కాదండీ, తొమ్మిదికి."

నాన్న కుర్చీలోంచి లేచాడు. అక్క తలుపు చాటున తల బాదుకుంది. ఈయన చల్లగా గోడ వైపు చూసి, "మీ గోడ అయిదండీ, చెమ్మ పట్టేసింది. మీరు కూడా అయిదు దాకా ఉంటారు. కుడి మోకాలా?" అన్నాడు. మోకాలి నొప్పి సంగతి నాన్న అమ్మకి కూడా చెప్పలేదు. దాంతో రెండు గొడవలయ్యాయి. మరుసటి వారం ఈయన పిలవని పేరంటంలా తాపీ మేస్త్రీని వెంటబెట్టుకొచ్చి గోడ బాగుచేయించి, స్నానాలగదిలో ఒక ఇనుప కమ్మీ బిగించి పోయాడు. తువ్వాలు ఆరేసుకోవడానికి కాబోలనుకున్నాం. ఎవరేం అనుకున్నా పెళ్లి జరిగిపోయింది.

ఇక కాపురం. "కూర ఎలా ఉందండీ?" అని కొత్తలో అక్క ఆశగా అడిగేది.

"మూడు."

"ఏం తక్కువైంది?"

"తక్కువ కాలేదు. అడుగంటింది."

"రేపట్నుంచి పచ్చి మొక్కజొన్న కంకి పళ్లెంలో పెడతాను. దానికి మీరే పురుగు పెట్టుకుని, మీరే మార్కు వేసుకుని, మీరే తినండి."

"అలా కాదు. నువ్వివాళ ఆరున్నావు, అందుకే కూర మూడైంది. లే, గిన్నెలు నేను తోముతా."

ఆరున్నావన్నందుకు అక్క ఇంకో గంట పోట్లాడేది. గిన్నెలు తోముతున్నాడన్న సంగతి ఆ పోట్లాటలో కొట్టుకుపోయేది.

పళ్ల డాక్టరు నోరు తెరవమంటే తెరవకుండా, ముందు అద్దం అడిగి తీసుకుని, తన పన్ను తనే చూసుకుని, "ఎనిమిది, పీకేయండి" అన్న ఘనుడు. బస్సెక్కితే డ్రైవరుకి, దిగితే బస్సుకి మార్కు వేస్తాడు. ఆఫీసులో అయితే చెప్పే పనే లేదు. పొద్దున్నే గేటు దగ్గర మొదలెడతాడు. కాపలా పెద్దాయన సలాం కొడితే "రెండు". టైపిస్టు నవ్వితే "నాలుగు". ఓ రోజు జీపు డ్రైవరుని చూసి "ఏడు" అన్నాడు. డ్రైవరు వారం రోజులు రుసరుసలాడాడు.

"ఇస్త్రీ చొక్కా వేసుకుని, నున్నగా తల దువ్వుకుని వస్తే ఏడంటాడా! నేనేమన్నా చీడ పట్టిన మొక్కనా అమ్మా?"

"పోనీలే, మా ఇంట్లో వాళ్లకీ అంతే," అని నేను సర్దిచెప్పాను. ఆ వారమంతా మా బావ జీపెక్కకుండా పొలానికి బస్సులో వెళ్లాడు. డ్రైవరుకి మొహం చూపించలేకే అని మేమంతా అనుకున్నాం.

మా డైరెక్టరు కొత్తగా వచ్చినప్పుడు ఒక ఉపన్యాసమిచ్చాడు. అయ్యాక దిగి వచ్చి, "ఎలా ఉందంటారు?" అని ఇంకెవరూ దొరకనట్టు మా బావనే అడిగాడు. కొరివితో తల గోక్కోవడమంటే అదే.

"ఆరు సార్."

డైరెక్టరు పొంగిపోయాడు. తొమ్మిదికి ఆరంటే ఫస్టు క్లాసే కదా అని కనబడిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు. నెల తిరక్కుండా పూల విభాగం ఆవిడ పాపం ఉండబట్టలేక లెక్క తిరగేసి చెప్పింది. ఆ రోజు నుంచి మా బావంటే డైరెక్టరుకి ఒళ్లు మంట. అదే సమయంలో డైరెక్టరు బల్ల మీద మధ్యాహ్నం పూట ఒక టిఫిను డబ్బా ప్రత్యక్షమవడం మొదలైంది. క్యాంటీను వాళ్ల మర్యాద అనుకుని ఆయన వాళ్లకి మెప్పుపత్రం ఇచ్చాడు. క్యాంటీను వాళ్లు పట్టుకుని ఫ్రేము కట్టించుకున్నారు. మా అక్క ఆ రోజుల్లో డబ్బా ఒకటి ఎక్కువ కడుతుండేది. ఎందుకే అంటే, "మీ బావకి ఆకలి పెరిగింది" అనేది.

ఇలా ఊరందరికీ మార్కులు వేసుకుంటూ తిరిగే మనిషి, ఒక మొక్క దగ్గర మాత్రం నోరు మెదపకుండా నిలబడిపోయేవాడు. దాని పేరు మొండిది. అసలు పేరు పుల్ల మీద రాసిన అంకె, మొండిది అని పిలుచుకునేది మేమే. ఎక్కడో కొండవాలు చేలల్లో దొరికిన పాత గింజని, బాగా కండె వేసే రకంతో కలిపి, వచ్చిన పిల్లల్లో పురుగు ఎక్కువ తిన్నవాటిని పీకేసి, తట్టుకున్నవాటినే మళ్లీ మళ్లీ విత్తి, ఏళ్ల తరబడి సాధించిన రకం అది. చూడ్డానికి పొట్టి, ఆకులు గరుకు, అందం సున్నా. పక్కనే బజారులో అందరూ కొనే రకం ఉండేది, నిలువెత్తున నిగనిగలాడుతూ. దాన్ని మేం అందగత్తె అనేవాళ్లం. డైరెక్టరు ఎవరైనా అతిథులు వస్తే అందగత్తె పక్కనే ఫొటో దిగేవాడు.

"ఈ పంటే ఆఖరు," అని ఆ ఏడు ఆయన తేల్చి చెప్పేశాడు. "కమిటీ వస్తుంది. పురుగు పెట్టి, వాళ్ల కళ్ల ముందు మార్కు వేయించు. నెగ్గిందా, సరే. లేదంటే ఆ పొలం పూల విభాగానికి ఇచ్చేస్తా."

పూల విభాగం ఆవిడ మరునాడే టేపు పట్టుకొచ్చి గట్లు కొలుచుకుంది.

"తొందరేముందండీ?" అన్నాను నేను, ఒళ్లు మండి.

"తొందరేం లేదమ్మా. కొలుచుకుంటే పోయేదేముంది?" అని ఆవిడ నవ్వింది.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, అప్పుడే పడింది అసలు దెబ్బ. ఆఫీసులో ఏడాదికోసారి బొద్దింకల మందు కొట్టేవాళ్లు వస్తారు. వాళ్లు సెలవు రోజు చూసుకుని వచ్చారు. కాపలా పెద్దాయన దగ్గర తాళాల గుత్తి ఉంటుంది. మనిషి ఉత్త అమాయకుడు. పురుగుల గది ఉన్న బిల్డింగుకి కాపలా కాస్తాడు గానీ పురుగంటే చచ్చే భయం, లోపలికి ఎన్నడూ తొంగి చూడలేదు. "పెద్దాయనా, పురుగులు ఎక్కువున్న గది ఏదండీ?" అని వాళ్లు అడిగితే, ఉన్నమాట దాచలేక, "ఇదిగో బాబూ, ఇక్కడైతే లెక్కలేనన్ని" అని తలుపు తీసి పక్కకి తప్పుకున్నాడు. వాళ్లు పని మీద శ్రద్ధ ఉన్నవాళ్లు. బయటికొచ్చి చెమట తుడుచుకుంటూ, "పుట్టి బుద్ధెరిగాక ఇన్ని పురుగుల్ని ఒక్కచోట చూళ్లేదు పెద్దాయనా. ఒక్కటి మిగిలితే అడగండి!" అన్నారట. ఆయన వాళ్లకి మంచినీళ్లిచ్చి మరీ పంపించాడు.

మర్నాడు తలుపు తీశాను. సీసాల్లోనూ పంజరాల్లోనూ ఒక్కటి కదిలితే ఒట్టు. పురుగులు చచ్చిపోయాయని ఏడ్చిన ఆడదాన్ని లోకంలో నేనొక్కదాన్నేనేమో, అక్కడే మెట్ల మీద కూలబడి భోరున ఏడ్చాను. మొండిది అప్పటికే మొలకెత్తి నాలుగాకులేసింది. అది మోకాలెత్తు రాకముందే సుడిలో పురుగు పడాలి. ముదిరాక పెడితే ఆ పరీక్షకి అర్థమే లేదు.

మా బావ వచ్చాడు. గది చూసి, "తొమ్మిది" అన్నాడు. అంతవరకు పొలం బయట ఆయన నోట దేనికీ ఆ అంకె నేను వినలేదు. తర్వాత, టోపీ చేతుల్లో నలుపుతూ గోడకి అతుక్కుపోయి నిలబడ్డ పెద్దాయన్ని చూసి, "ఎనిమిది" అన్నాడు. చచ్చినవాణ్ని ఇంకా చంపడం ఎందుకని నాకు బావ మీద కోపం వచ్చింది.

డైరెక్టరు నిప్పులు చెరిగాడు. "ఆ ముసలాయన్ని రేపు పంపించేయండి! పురుగుల్లేవు కాబట్టి పరీక్ష లేదు. పోనీ, చేలో వాటంతటవే వచ్చే పురుగులుంటాయిగా, అవి తిన్నంత తింటాయి. అదే రిపోర్టు రాసి ముగించెయ్యి."

"ఈ ఏడు పురుగు మా పొలం వైపు రాకపోతే?"

"మరీ మంచిది. నీ మొక్కకి ఒకటి వస్తుంది."

"దెబ్బ పడకుండానే దెబ్బకి ఓర్చిందని రాయమంటారా సార్?" అన్నాడు మా బావ. గొంతు పెంచలేదు. "పురుగులు తెస్తాను. జీపివ్వండి. మా మరదలు కావాలి, డ్రైవరు కావాలి, పెద్దాయన కూడా కావాలి."

"ఆయనెందుకు?"

"యూనిఫాం ఉంది కద సార్. రైతులు మాట వింటారు."

ఆ యూనిఫామే మా కొంప ముంచింది. మొదటి ఊళ్లో రైతు గట్టు మీదే ఎదురొచ్చాడు.

"ఏం కావాలి సార్?"

"పురుగులు."

"పురుగుల మందా?"

"కాదు, పురుగులే. బతికున్నవి."

రైతు మా బావని చూసి, జీపు చూసి, ఖాకీ చొక్కాలో బిర్రబిగుసుకుని నిలబడ్డ పెద్దాయన్ని చూశాడు. "ఏం, పురుగులుంటే ఇప్పుడు జరిమానా కూడానా? నా చేలో పురుగే లేదు సార్! అదుగో, పక్కాయన చేలో ఉన్నాయి. ఆయన్నడగండి." పక్కాయన్నడిగితే ఆ పక్కాయన మీదికి తోశాడు. ఊళ్లకి ఊళ్లు ఉన్నట్టుండి చీడా పీడా లేని స్వర్గాలైపోయాయి. మొవ్వెండిన మొక్కలు కళ్లకి కనబడుతుంటే, "ఎండకండీ, ఎండకలా అయ్యాయి" అన్నాడొకాయన. అప్పుడు సన్నగా వాన పడుతోంది.

"బావా, పెద్దాయన్ని జీపులో కూర్చోబెడదాం, లేదా ఆ చొక్కా అయినా విప్పిద్దాం," అన్నాను.

"వద్దు, ఉండనీ. పని నేర్చుకుంటున్నాడు," అన్నాడు. పెద్దాయన నేర్చుకున్నదేమీ లేదు. సీసా పట్టుకోమంటే కళ్లు మూసుకుని పట్టుకునేవాడు. చేతిమీద ఒక పురుగు పాకితే గట్టు దాటి రోడ్డెక్కి నిలబడ్డాడు.

తల ప్రాణం తోకకొచ్చి, వెనక్కి తిరుగుదామనుకుంటున్నప్పుడు ఒక ముసలమ్మ ఎదురైంది. చిన్న చేను, ఒక్కత్తే చేసుకుంటోంది. విషయం చెప్తే భయపడలేదు సరికదా, మా బావ చెయ్యి పట్టుకుని చేలోకి లాక్కుపోయింది.

"పురుగులేగా? మొత్తం పట్టుకుపో నాయనా. చాలకపోతే మళ్లీ రా."

మా బావ చేనంతా చూశాడు. "ఎనిమిదమ్మా," అన్నాడు మెల్లిగా.

"ఏంటది?"

"తిన్నవి తినగా, ఇంకా ప్రాణముందని."

"ప్రాణముంటే నీకు తెలుస్తోందా? నాకు తెలీడం లేదు. పోయినేడూ ఇంతే. ఈసారీ ఇంతే అయితే చేను అమ్మేసి కూతురింటికి పోయి కూర్చోవడమే. నాకది ఇష్టం లేదు." ఆమె మా బావ మొహంలోకి చూసింది. "పురుగు పడినా నిలబడే మొక్క చేస్తున్నానంటివి. నాకెప్పుడిస్తావు?"

ఇలాంటి చోట మా వాళ్లెవరైనా "ప్రయోగాలు జరుగుతున్నాయమ్మా" అంటారు. మా బావ, "వచ్చే పంటకి" అనేశాడు. కమిటీ చూడని, పురుగు తగలని, డైరెక్టరుకి గిట్టని మొక్క అది.

ఆ మధ్యాహ్నం నుంచి చీకటి పడే దాకా చచ్చిన మొవ్వులు పీకుతూనే ఉన్నాం. మాకు కావలసినన్ని పురుగులు ఎప్పుడో దొరికాయి. "చాలు బావా, సీసాలు నిండిపోయాయి," అంటే, "ఆ చివర వరసలు మిగిలాయి, అవి కూడా" అంటాడు. నా నడుం విరిగింది. బయల్దేరేసరికి ముసలమ్మ చేలో పురుగున్న మొక్క వెతికినా లేదు. పురుగులు ఏరడంలో కూడా ఈయనకింత పిచ్చేమిటని దారి పొడుగునా తిట్టుకున్నాను.

గదంతా కడిగి, మందు వాసన పోయేదాకా తలుపులు బార్లా తెరిచిపెట్టి, అప్పుడు వాటిని సీసాల్లోకి ఎక్కించాం. నా పాత పురుగులు సుకుమారులు, వేళకి తిని వేళకి నిద్రపోయేవి. ఈ ఊరి పురుగులు రౌడీలు. సీసా మూతకున్న దూదినే నమిలేశాయి. మా బావ మాత్రం వాటిని చూసి మురిసిపోయాడు. "వీటికి నిలబడితే ఎక్కడైనా నిలబడుతుంది," అన్నాడు. అవి రెక్కల పురుగులై, గుడ్లు పెట్టి, గుడ్లలో నల్లటి తలలు కనబడేసరికి మొండిదానికి మోకాలెత్తు రావడానికి ఇంకో నాలుగు వేళ్లే తక్కువ. ఆ రోజు ఆఫీసంతా పొలంలోనే ఉంది. టైపిస్టు, డ్రైవరు, నేను తలో కుంచె పట్టుకుని సుడి సుడికీ పురుగులు వదిలాం. అందగత్తెకీ మొండిదానికీ సమానంగా. కళ్లు మూసుకుని సీసా పట్టుకున్నది పెద్దాయన.

మొక్కలు నడుమెత్తు దాటాక కమిటీ వచ్చింది. పెద్దావిడ ఒకామె, మెడలో భూతద్దం, చేతిలో కత్తి. ఏ వరస ఏ రకమో ఆవిడకి తెలియకూడదని పుల్లల మీద అంకెలు మాత్రమే పెట్టారు. మార్కు ఆవిడే వేయాలి. డైరెక్టరు మా బావని గట్టు మీద నిలబెట్టి, "నోట్లోంచి ఒక్క అంకె వచ్చిందో, పరీక్ష రద్దు" అన్నాడు.

ఇన్నేళ్లుగా లోకమంతటికీ మార్కులేసిన మనిషి, తన సొంత మొక్క దగ్గర నోరు మూసుకోవాలి. ఆయన జేబులోంచి రుమాలు తీసి నోట్లో కుక్కుకున్నాడు. నేను పక్కనే కాపలా నిలబడ్డాను.

మొదటి వరస అందగత్తె. "ఎనిమిది," అంది పెద్దావిడ. మా బావ నా చెయ్యి నొక్కాడు. రెండోది మొండిది. "మూడు." నా వేళ్లు నలిగిపోయాయి. మూడోది మళ్లీ అందగత్తె. ఆ వరస మాత్రం పచ్చగా నిటారుగా ఉంది, ఆకుల మీద ఏవో నాలుగు బెజ్జాలు తప్ప. "రెండు," అంది ఆవిడ.

రుమాలు వెనకనుంచి ఒక మూలుగు వచ్చింది.

"మాట్లాడకూడదు!" అన్నాడు డైరెక్టరు.

మా బావ మాట్లాడలేదు. గాలిలో నిలువునా ఏదో కోస్తున్నట్టు చేతులు ఊపాడు. "ఈయనకేమైంది?" అంది పెద్దావిడ.

"చీల్చి చూడమంటున్నాడండీ," అన్నాను.

ఆవిడ కత్తితో కాండాన్ని నిలువునా చీల్చింది. పైనుంచి కింద దాకా డొల్ల. లోపల పిప్పి, ఆ పిప్పిలో బలిసిన పురుగు ఒకటి, ఎవరొచ్చి తలుపు తీశారా అన్నట్టు తలెత్తింది. పెద్దావిడ దాన్ని కాసేపు చూసి, "ఏడు" అని దిద్దుకుంది. "ఇక అన్ని వరసలూ చీల్చే చూస్తాను."

అన్నీ అంటే మొండిది కూడా. దాని లోపల ఏముందో మాకూ తెలియదు. ఆవిడ వంగి కాండం కోసింది. పైన ఆకు గరుకు, చిల్లులు, చూడ్డానికి దరిద్రంగా ఉంది. లోపల మాత్రం తెల్లగా, నిండుగా ఉంది. గోరంత దూరం తవ్విన సొరంగం, దాని చివర ఆకలికి ఎండిపోయిన పురుగు. "రెండు." తర్వాతి దానికీ రెండు. ఇంకోదానికి మూడు. మొండిదానిదే ఒక వరసకి ఆరు వచ్చింది. మా బావ మొహం వాడిపోయింది గానీ, ఆ వరస పుల్లని గుర్తుపెట్టుకుని మరీ తర్వాత దాని దగ్గరే ఎక్కువసేపు కూర్చున్నాడు.

"ఈ రకాన్ని వదలకండి," అంది పెద్దావిడ చివరికి. "వచ్చే పంటకి రైతుల చేలల్లో వేసి చూడండి." మా బావ రుమాలు తీసేసి ముందుగా చెప్పింది ముసలమ్మ ఊరి పేరు. పూల విభాగం ఆవిడ టేపు చుట్టేసుకుంటుంటే, "నాలుగు" అన్నాడు. "పొలం గట్ల మీద మీ పూలు వేసుకోండి. పురుగుని తినే పురుగులు వస్తాయి, మాకూ లాభం." ఆవిడ మళ్లీ టేపు విప్పింది.

షెడ్డు కింద టీలు తాగుతున్నాం. కమిటీ వెళ్లిపోయింది. డైరెక్టరు నెగ్గిన వాళ్ల పక్కనున్న ఉత్సాహంలో ఉన్నాడు. "అందరికీ వేస్తావుగా, ఇవాళ నాకెంత?" అన్నాడు నవ్వుతూ.

నేను కళ్లతోనే బతిమాలాను. ఒకటి అనెయ్ బావా, నీ సొమ్మేం పోయింది! మా బావ తల పక్కకి వంచాడు. కళ్లు చిట్లించాడు.

"ఏడు సార్."

ఇంత కష్టపడి గట్టెక్కించిన పడవని ఒడ్డున ముంచేశాడనుకున్నాను. డైరెక్టరు గ్లాసు కింద పెట్టాడు.

"ఎలా తెలిసింది?" అన్నాడు.

"ఒక చెంప గడ్డం గీసుకోవడం మర్చిపోయారు. వరస వరసకీ ఫోను చూశారు."

"మా అమ్మకి రేపు కంటి ఆపరేషన్. ఊళ్లో ఒక్కత్తే ఉంది. ఇక్కడ రేపు మీటింగు."

"మీటింగు నేను చూసుకుంటాను. ఈ సాయంత్రం బస్సుకి వెళ్లండి సార్. డ్రైవరు దింపుతాడు."

"ఆ మొదటి రోజు ఉపన్యాసానికి ఆరిచ్చావు," అన్నాడు డైరెక్టరు, ఏదో లెక్క కుదరనివాడిలా.

"ఉపన్యాసానికి కాదు సార్, మీకు. కొత్త ఊరు, ఒంటరి కాపురం, క్యాంటీను తిండి. అందుకే మా ఆవిడ డబ్బా పంపింది."

క్యాంటీను గోడ మీది మెప్పుపత్రం గుర్తొచ్చి నేను టీలో మొహం దాచుకున్నాను. డ్రైవరు గ్లాసు పట్టుకుని ముందుకొచ్చాడు. "మా ఆవిడ ఆసుపత్రిలో ఉన్న వారమే నన్ను ఏడన్నారు సార్. జీపక్కర్లేదని బస్సులో పోయారు. నేనెవరికీ చెప్పలేదే!" టైపిస్టు ఏదో అనబోయి, తన వైపు ఎవరూ చూడకముందే కళ్లు తుడుచుకుంది. నాకు స్నానాలగది కమ్మీ గుర్తొచ్చింది. నాన్న ఇప్పుడు దాన్ని పట్టుకునే లేస్తాడు.

"పెద్దాయన్ని అన్ని ఊళ్లూ తిప్పారు. ఒక్క పురుగు పట్టలేదాయన," అన్నాను.

"ఆఫీసులో ఉంటే సార్ కంట పడేవాడు. కోపం చల్లారాలి కదా," అన్నాడు మా బావ, సార్ ముందే.

"అలాగైతే ఇన్నాళ్లూ అందరిచేతా తిట్లు తినడం ఎందుకు బావా? ఒక్క ముక్క చెప్పొచ్చుగా!"

ఆయనకి నా ప్రశ్న నిజంగానే అర్థం కాలేదు. "చెప్పేదేముంది? మార్కు మొక్కకి వేయం, పురుగు చేసిన నష్టానికి వేస్తాం. నష్టం చూశాక ఊరుకునేటట్టయితే మార్కు ఎందుకు వేయడం?" అని, గ్లాసు కేసి చూసి, "ఈ టీ అయిదు" అన్నాడు.

నాకు ఆ నిమిషాన మా బావ మీద ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను. చెప్తే దానికో అంకె వేస్తాడని చెప్పలేదు.

సాయంత్రం ఆయనా నేనూ కలిసి బయల్దేరాం. మొక్కజొన్న ఆకులు కోసిన గీతలతో చేతులు ఎర్రబడ్డాయి, చొక్కా ఒక భుజం చిరిగింది, ఒక చెప్పు బురదలోనే ఉండిపోయింది, చంకలో ఆరు మార్కుల వరస కాండాల మోపు. గేటు దగ్గర పెద్దాయన సలాం కొట్టి, ఆగి, తల పక్కకి వంచి, కళ్లు చిట్లించాడు.

"సార్, కోపగించుకోకపోతే ఒక్క మాట. తమరివాళ ఎనిమిది."

మా బావ నిలబడిపోయాడు. ఆయనకి ఎవరైనా మార్కు వేయడం అదే మొదలు. "తొమ్మిది కాదా?" అన్నాడు, చాలా సీరియస్‌గా.

"తొమ్మిదంటే మొవ్వు ఎండిపోవాల కద సార్. తమరి మొవ్వు బానే ఉంది."

"సరిగ్గా వేశారు పెద్దాయనా!" అన్నాడు మా బావ, వెలిగిపోతున్న మొహంతో. పెద్దాయన ఆ మోపుని, లోపల పురుగులుంటాయని తెలిసీ, కళ్లు తెరుచుకునే లాక్కున్నాడు. "ఇవి నా గదిలో ఉంటాయి. తమరు ఇంటికెళ్లి పడుకోండి. రేపు పొద్దెక్కే దాకా రావద్దు."

రావద్దంటే ఆగే మనిషా! మర్నాడు నేను వెళ్లేసరికి మీటింగుకి ఇంకా బోలెడు టైముంది, ఆయన మాత్రం అప్పటికే వచ్చి గేటు బయట నిలబడి ఉన్నాడు. లోపల పెద్దాయన తాళం చెవి నడుముకి దోపుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

"తుప్పు పట్టింది, ఈ గేటు నాలుగు," అంటున్నాడు మా బావ, చువ్వలు తడుముతూ.

"గేటు సంగతి తర్వాత సార్," అన్నాడు పెద్దాయన కదలకుండా. "తమరింకా అయిదున్నారు. ఆ పక్క బెంచీ మీద కాసేపు కూర్చోండి, మూడుకి దిగాక తీస్తాను."